లాభం ఏ రోజున మొదలవుతుంది?

దివ్య ఖుర్‌ఆన్‌లో వర్తకం ప్రస్తావన చాలాచోట్ల ఉంది. తూనికలు, కొలతలు, అప్పు పత్రాలు, వడ్డీ నిషేధం... వీటన్నిటి గురించి స్పష్టమైన ఆదేశాలున్నాయి. కాని ‘లాభం’ అనే అర్థమిచ్చే ‘రిబ్‌హ్’ ధాతువు మాత్రం గ్రంథం మొత్తంలో ఒకే ఒక్కచోట, బఖరా సూరా 16వ ఆయతులో వస్తుంది. అక్కడ కూడా లాభం వచ్చిందని కాదు, రాలేదనే చెప్పబడింది. సన్మార్గాన్ని ఇచ్చేసి బదులుగా మార్గభ్రష్టతను కొనుక్కున్న కపటుల బేరం వారికి లాభించలేదన్నది ఆ ఆయతు భావం. దీన్ని వివరిస్తూ వ్యాఖ్యాతలు ఒక చక్కని సంగతి చెప్పారు. వర్తకుడు కోరుకునేది రెండు: పెట్టిన అసలు భద్రంగా ఉండాలి, దాని మీద ఎంతో కొంత మిగలాలి. కపటులు మొదటిదాన్నే పోగొట్టుకున్నారు. ఇక రెండోదాని మాట ఎక్కడిది?

అసలు నిలవనిదే లాభం లేదు. ఈ పాఠమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. వినటానికి ఇది చిన్నపిల్లవాడికి కూడా తెలిసిన సంగతిలాగే ఉంటుంది. కాని సాయంత్రం గల్లాపెట్టె తెరిచి నోట్లు లెక్కపెట్టుకునే మనిషికి ఆ నోట్లలో ఏది అసలు, ఏది లాభం అని ఎవరూ రాసిపెట్టరు. అక్కడే చిక్కంతా ఉంది. ఇంకొకరి సొమ్ముతో వ్యాపారం చేస్తున్నవాడి విషయంలోనైతే అది లెక్కల చిక్కుతో ఆగదు. అమానతు విషయమవుతుంది.

ఒక దీనారు, రెండు గొర్రెలు

హజ్రత్ ఉర్వా అల్‌బారిఖీ (రజి) ఉదంతం బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. దైవప్రవక్త (స) ఆయనకు ఒక దీనారు ఇచ్చి ఒక గొర్రెను కొనుక్కురమ్మన్నారు. ఆయన ఆ దీనారుతో రెండు గొర్రెల్ని కొన్నారు. వాటిలో ఒకదాన్ని ఒక దీనారుకు అమ్మేశారు. తిరిగి వచ్చి దీనారునూ, గొర్రెనూ రెంటినీ ప్రవక్త (స) ముందుంచారు. ప్రవక్త (స) సంతోషించి ఆయన వ్యాపారంలో శుభం కలగాలని ప్రార్థించారు.

ఈ బేరంలో లాభం ఏ క్షణాన వచ్చింది? ఒక దీనారుకు రెండు గొర్రెలు దొరికినప్పుడా? అప్పటికి అది బేరం చేయటంలోని నేర్పు మాత్రమే. దారిలో ఒక గొర్రె చచ్చిపోయి ఉంటే చేతిలో ఒకే గొర్రె మిగిలేది, దీనారు పోయేది. రెండో గొర్రె అమ్ముడై దీనారు తిరిగి చేతికొచ్చిన తర్వాతే, చేతిలో మిగిలిన గొర్రెను లాభం అనటానికి వీలయింది. మొదట అసలు వచ్చింది, ఆ పైన మిగిలింది లాభం. ధర్మవేత్తలు పుటల కొద్దీ రాసిన నియమమంతా ఈ చిన్న ఉదంతంలో కనిపిస్తుంది.

ఆ బేరం ఒక్కపూటలో తెమిలిపోయింది కాబట్టి లెక్క కూడా వెంటనే తేలింది. ఈనాటి కొట్టు అలా కాదు. ఈరోజు కొన్న సరుకు రేపు అమ్ముతాం, నిన్న అరువిచ్చిన డబ్బు వచ్చేనెల వస్తుంది, అద్దె మాత్రం ఒకటో తారీఖుకే కట్టాలి. కనుక ఒక కొట్టును తీసుకుని లెక్క కట్టి చూద్దాం.

నలభై రెండో ప్లేటు

ఆమదాలవలసలో రైలుస్టేషను దగ్గర ఒక బిర్యానీ కొట్టు పెట్టారనుకుందాం. ఊరు ఆమదాలవలసే అయినా ఆ స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్. హౌరా-చెన్నై ప్రధాన మార్గంలో శ్రీకాకుళం పట్టణానికి వెళ్ళేవారు, అరసవల్లి వెళ్ళే యాత్రికులు, పనుల కోసం హైదరాబాదుకూ చెన్నైకీ పోయి వచ్చే కూలీలు దిగేదీ ఎక్కేదీ ఇక్కడే. కాబట్టి స్టేషను దగ్గర తిండి కొట్టు పెట్టాలన్న ఆలోచన మంచిదే. ఈ కింది అంకెలు లెక్క నేర్చుకోవటానికి వేసుకున్నవి మాత్రమే. పాఠకులు తమ ఊరి ధరలు వేసుకుని చూసుకోవచ్చు.

కొట్టు పెట్టినవాడి దగ్గర పనితనం ఉంది, డబ్బు లేదు. గల్ఫ్‌లో ఉన్న బావమరిది 4,00,000 రూపాయలు పంపాడు. వచ్చిన లాభంలో ఇద్దరికీ చెరి సగం అని ఫోనులో మాట్లాడుకున్నారు. కాగితం మీద పెట్టలేదు. ఆ డబ్బులో 50,000 కొట్టు అడ్వాన్సుకు, 1,80,000 పొయ్యిలు, డేక్షాలు, ఫ్రిజ్, బల్లలకు అయ్యాయి. 1,70,000 చేతిలో మిగిలింది.

నెలకు అద్దె 8,000. వంటమాస్టరుకు, సాయం కుర్రాడికి కలిపి 28,000. కరెంటు 2,000, చిల్లర ఖర్చులు 1,000. మొత్తం 39,000. ఒక్క ప్లేటు అమ్ముడు పోకపోయినా ఈ ఖర్చు తప్పదు. ప్లేటు ధర 120 రూపాయలు. అందులో కోడిమాంసం, బియ్యం, నూనె, మసాలా, గ్యాసు, పొట్లం కాగితం కలిపి 80 రూపాయలు పోతే 40 మిగులుతుంది. చాలామంది పొరపడేది ఇక్కడే. ఈ 40 రూపాయలను లాభం అనుకుంటారు. అది లాభం కాదు. అద్దె, జీతాల గొయ్యిని పూడ్చటానికి పడే మట్టి అది. గొయ్యి పూడాలంటే నెలకు 975 ప్లేట్లు అమ్మాలి. నెలకు 25 రోజులు కొట్టు తెరిస్తే రోజుకు 39 ప్లేట్లు.

ఇంకొక ఖర్చుంది. అది ఎవరికీ కనిపించదు. పొయ్యిలు, ఫ్రిజ్, డేక్షాలు ఐదేళ్ళకు అరిగిపోతాయి. 1,80,000ను అరవై నెలలకు పంచితే నెలకు 3,000. ఈ అరుగుదల చేతి నుంచి పోయే డబ్బు కాదు కాబట్టి లెక్కలోకి రాదు. ఐదేళ్ళ తర్వాత ఫ్రిజ్ ఆగిపోయినప్పుడు ఒకేసారి వచ్చి మీద పడుతుంది. దాన్ని కూడా కలిపితే నెల ఖర్చు 42,000, అమ్మవలసినవి 1,050 ప్లేట్లు, అంటే రోజుకు 42. నలభై రెండో ప్లేటు దాకా కొట్టు తన కోసమే పనిచేసుకుంటుంది. ఆ రోజు లాభం నలభై మూడో ప్లేటుతో మొదలవుతుంది.

మిగిలిపోయిన అన్నం సంగతి కూడా చెప్పాలి. 50 ప్లేట్లకు వండితే 42 అమ్ముడయ్యాయనుకోండి. మిగిలిన 8 ప్లేట్ల మీద పెట్టిన 640 రూపాయలు పోయినట్లే. ప్లేటుకు 40 చొప్పున దాన్ని పూడ్చుకోవాలంటే మరో 16 ప్లేట్లు అమ్మాలి. తిండి వ్యాపారంలో చాలామందిని దెబ్బతీసేది అమ్మకాలు లేకపోవటం కాదు, అంచనా లేకుండా వండటం. వృథా చేయటం ధర్మరీత్యా ఎలాగూ తప్పే. ఇక్కడ అది లెక్కలో కూడా తప్పవుతోంది.

ఒకే కొట్టుకు వేరువేరు తేదీలు

ఈ కొట్టు మొదటి మూడు నెలలు రోజుకు సగటున 25 ప్లేట్లు అమ్మిందనుకుందాం. నెలకు 25,000 మిగిలింది. ఖర్చు 42,000. నెలకు 17,000 చొప్పున మూడు నెలలకు 51,000 నష్టం. తర్వాత మూడు నెలలు 36 ప్లేట్లకు పెరిగింది. నెలకు 6,000 చొప్పున 18,000 నష్టం. ఆరు నెలలకు కలిపి 69,000. ఏడో నెలలో సరిగ్గా 42 ప్లేట్లు, లాభమూ లేదు నష్టమూ లేదు. ఎనిమిదో నెల నుంచి 50 ప్లేట్లు, నెలకు 8,000 మిగలసాగింది.

‘కొట్టు ఎప్పటి నుంచి లాభంలో ఉంది?’ అని అడిగితే యజమాని ‘ఎనిమిదో నెల నుంచి’ అంటాడు. అది ఆ నెల వరకు నిజం. కాని బావమరిది పంపిన అసలులో 69,000 అప్పటికే కరిగిపోయి ఉంది. నెలకు 8,000 చొప్పున ఎనిమిది నెలలు, అంటే పదిహేనో నెల ఆఖరుకు 64,000 పూడుతుంది. ఇంకా 5,000 లోటు ఉంటుంది. పదహారో నెలలో ఆ లోటు తీరి 3,000 మిగులుతుంది. ఒప్పందం ప్రకారం పంచుకోవలసిన మొదటి లాభం ఆ 3,000 మాత్రమే. చెరి 1,500.

ఒకరి డబ్బు, మరొకరి శ్రమతో జరిగే ఇలాంటి వ్యాపారాన్ని ధర్మశాస్త్రంలో ముజారబత్ అంటారు. అసలు పూర్తిగా నిలిచిన తర్వాతే లాభం ఉన్నట్లని, లాభం అసలుకు కంచె వంటిదని ఇందులో నియమం. నష్టం వస్తే మొదట వచ్చిన లాభంతో దాన్ని పూడ్చాలి. అప్పటికీ పూడకపోతే ఆ నష్టం డబ్బు పెట్టినవాడిది. పనిచేసినవాడికి అతని శ్రమే నష్టం. అతని నిర్లక్ష్యమో, మాట తప్పటమో కారణమైతే తప్ప డబ్బు నష్టాన్ని అతని మీద వేయకూడదు.

హజ్రత్ ఉమర్ (రజి) కుమారుల ఉదంతం ఇమామ్ మాలిక్ ‘ముఅత్తా’లో ఉంది. అబ్దుల్లాహ్, ఉబైదుల్లాహ్ ఇద్దరూ ఇరాఖ్ నుంచి తిరిగి వస్తున్నారు. బస్రా పాలకులు హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) మదీనాకు పంపవలసిన ప్రభుత్వ ధనాన్ని వారికి అప్పుగా ఇచ్చారు. వారు ఆ డబ్బుతో ఇరాఖ్ సరుకు కొని, మదీనాలో అమ్మి లాభం పొందారు. ‘సైన్యంలో ప్రతివారికీ ఇలా అప్పిచ్చారా?’ అని హజ్రత్ ఉమర్ (రజి) నిలదీశారు. అసలునూ లాభాన్నీ రెంటినీ ఖజానాకు కట్టమన్నారు. సరుకు నష్టపోయి ఉంటే తామే భరించవలసి వచ్చేది కదా అని ఉబైదుల్లాహ్ వాదించారు. అక్కడున్నవారిలో ఒకరు దీన్ని ముజారబత్‌గా పరిగణించమని సలహా ఇచ్చారు. చివరకు అసలు మొత్తమూ, లాభంలో సగమూ ఖజానాకు చేరాయి. మిగిలిన సగం కుమారులకు దక్కింది. తండ్రి ఖలీఫా, కొడుకులు వర్తకులు. అయినా అసలును ముందు పక్కన పెట్టాకే లాభం మాట వచ్చింది.

ఇంటి ఖర్చు ఎవరి సొమ్ము?

మన బిర్యానీ కొట్టు యజమానికి భార్యాబిడ్డలున్నారు. పదహారో నెల దాకా గాలి తిని బతకలేడు. మొదటి నెల నుంచే గల్లాలోంచి నెలకు 10,000 ఇంటికి తీసుకెళ్తున్నాడు. ‘నేను పొద్దస్తమానం పొయ్యి దగ్గర నిలబడుతున్నాను, ఆ మాత్రం తీసుకోకూడదా?’ అనుకుంటాడు. అతని బాధ న్యాయమైనదే. అటు బావమరిది కూడా ‘ఏమైనా వస్తోందా?’ అని అడుగుతుంటాడు. మొహమాటానికి నెలకు 5,000 ‘లాభం’ అని పంపుతున్నాడు. బావమరిదికి సంతోషం, ఇంట్లో అక్కకు గర్వం.

ఇప్పుడు గల్లా లెక్క చూడండి. చేతిలో ఉన్నది 1,70,000. అరుగుదల వదిలేసి నగదు మాత్రమే లెక్కేస్తే మొదటి ఆరు నెలల్లో కొట్టు 51,000 మింగింది. ఇంటికి 60,000, బావమరిదికి 30,000 పోయాయి. మిగిలింది 29,000. ఏడో నెలలో 3,000 వచ్చింది, 15,000 పోయింది. ఎనిమిదో నెల నుంచి నెలకు 11,000 నగదు మిగులుతోంది, 15,000 పోతోంది. పదకొండో నెల ఆఖరుకు గల్లాలో ఉండేది 1,000 రూపాయలు. పన్నెండో నెలలో, రోజుకు 50 ప్లేట్లు అమ్ముడవుతూ జనం వరుస కట్టి ఉండగా, బియ్యం బస్తాకు డబ్బుండదు.

అప్పుడు రెండు ఇళ్ళ మధ్య మాటలు మొదలవుతాయి. ‘పదకొండు నెలలు లాభం పంపావు, ఇప్పుడు నష్టమంటావేమిటి?’ అని ఒకరు. ‘పంపినంత కాలం తీసుకుని ఇప్పుడు లెక్కలడుగుతావా?’ అని మరొకరు. బావమరిదికి అందిన 55,000లో ఒక్క రూపాయి కూడా లాభం కాదు. అతని డబ్బే అతనికి తిరిగి వచ్చింది. ఇంటికి పోయిన 1,10,000 కూడా అసలులోదే. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ అబద్ధం చెప్పాలనుకోలేదు. లాభం కానిదాన్ని లాభం అని పిలిచారు, అంతే. బంధుత్వాలు తెగటానికి అది చాలు.

స్వంత ఊళ్ళో ఉండి వ్యాపారం చేసే ముజారిబ్ తన తిండి ఖర్చు పెట్టుబడిలోంచి తీసుకోకూడదని, వ్యాపారం కోసం పరాయి ఊరికి ప్రయాణం చేసినప్పుడు మాత్రమే తీసుకోవచ్చని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. మరి ఇల్లు గడిచేదెలా? దారులున్నాయి. కాని ఏ దారైనా మొదటి రోజే మాట్లాడుకోవాలి. నెలకు ఇంత అని తీసుకుంటాను, అది నా వంతు లాభంలోంచి మినహాయించుకునే బాకీ అని డబ్బు పెట్టినవాడి అనుమతితో రాసుకోవచ్చు. లేదా లాభంలో వాటా వద్దనుకుని నికరమైన జీతానికి పనిచేయవచ్చు. అప్పుడు జీతం కూడా కొట్టు ఖర్చే అవుతుంది, లాభం మొత్తం డబ్బు పెట్టినవాడిది. తన దగ్గర కూడా కొంత డబ్బుంటే కలిపి షిర్కత్, అంటే ఉమ్మడి భాగస్వామ్యం చేసుకోవచ్చు. అందులో నష్టాన్ని ఎవరి పెట్టుబడి మేరకు వారు భరిస్తారు.

హజ్రత్ అబూ బక్ర్ (రజి) ఖలీఫా అయిన తర్వాత కూడా బట్టల మూట భుజాన వేసుకుని బజారుకు బయలుదేరారు. హజ్రత్ ఉమర్, హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఆయన్ని ఆపి, ఖజానా నుంచి కుటుంబానికి సరిపడే భత్యం నిర్ణయించారు. తనకెంత కావాలో తానే తీసుకోలేదు, ఇతరులు ముందుగా నిర్ణయించారు. అంతిమ ఘడియల్లో ఆ మొత్తాన్ని కూడా ఖజానాకు తిరిగి కట్టమని తన వారికి చెప్పినట్లు చరిత్రకారులు రాశారు. ఒకరి సొమ్ముకు కాపలా ఉన్నవాడు తన అవసరాన్ని ఎలా తీర్చుకోవాలో ఇందులో ఉంది.

స్వంత డబ్బుతో కొట్టు పెట్టుకున్నవారు ఇదంతా తమకు వర్తించదనుకోవచ్చు. అమానతు సంగతి వర్తించకపోవచ్చు గాని లెక్క వర్తిస్తుంది. ఇదే మనిషి మరో హోటల్లో పనిచేస్తే నెలకు 18,000 జీతం వస్తుందనుకుంటే, తన కొట్టులో నెలకు 8,000 మిగలటం లాభమా? స్వంత చాకిరీకి విలువ కట్టకపోతే ప్రతి కొట్టూ లాభంలోనే కనిపిస్తుంది. ఇల్లాలు ఇంట్లో ఉల్లిపాయలు తరిగి, మసాలా నూరి పంపిన శ్రమ కూడా ఏ చిట్టాలోనూ ఎక్కదు. అలాగని మంచి నెలల కోసం ఓర్చుకోవటం తప్పు కాదు. ఓర్చుకుంటున్నామని తెలిసి ఓర్చుకోవాలి.

‘నెలకు ఇంత’ అనే మాట

పై ఉదాహరణలో 5,000 మొహమాటానికి పంపింది. దాన్నే ఒప్పందంగా మార్చి ‘లాభమొచ్చినా రాకపోయినా నెలకు ఇంత ఇవ్వాలి’ అంటే అది ముజారబత్ కాదు. అసలుకు పూచీ, దాని మీద నెలనెలా నికరమైన మొత్తం... ఇది పేరు మార్చుకున్న వడ్డీ. లాభంలో సగమో, మూడోవంతో అని వాటా చెప్పుకోవాలి గాని ఇన్ని రూపాయలని చెప్పుకోకూడదని ధర్మవేత్తలు ఏకాభిప్రాయంతో చెప్పారు. అల్లాహ్ వర్తకాన్ని ధర్మసమ్మతం చేసి వడ్డీని నిషేధించాడని బఖరా సూరా 275వ ఆయతు చెబుతోంది. రెంటికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. వర్తకంలో లాభం ఉందో లేదో లెక్క చూశాక తెలుస్తుంది. వడ్డీలో లెక్క చూడవలసిన అవసరమే లేదు.

ఈ తేడా తెలియకపోవటం వల్ల మనవాళ్ళు ఎంత నష్టపోయారో ఈమధ్యనే చూశాం. 2018 అక్టోబరులో హీరా గ్రూపు అధిపతి అరెస్టయ్యారు. 2019 జూన్‌లో బెంగుళూరులో ఐ.ఎం.ఏ. సంస్థ మూతపడింది, దాని యజమాని విదేశానికి వెళ్ళిపోయి జూలైలో తిరిగి వచ్చి ఢిల్లీలో అరెస్టయ్యారు. రెండు సంస్థలూ వడ్డీ లేని హలాల్ పెట్టుబడి అనే పేరుతో వేలాది కుటుంబాల నుంచి డబ్బు సేకరించాయి. ఆడపిల్లల పెళ్ళిళ్ళకు దాచిన సొమ్ము, గల్ఫ్ సంపాదన, నగలు అమ్మిన డబ్బు అందులో పోయాయి. ఎవరు ఏ మేరకు దోషులో న్యాయస్థానాలు తేల్చవలసిన సంగతి. మన ఇళ్ళల్లో వేసుకోవలసిన ప్రశ్న వేరు. నెలనెలా ‘లాభం’ అందుకున్నప్పుడు ఏ సరుకు కొన్నారు, ఎంతకు అమ్మారు, అసలు నిలిచి ఉందా అని ఎంతమంది అడిగారు? గడ్డం, టోపీ, ‘హలాల్’ అన్న బోర్డు... ఇవేవీ ఆవర్జా పుస్తకానికి ప్రత్యామ్నాయం కావు.

లాభాన్ని అంచనాగా ముందే కొంత పంచుకోవటానికి మాత్రం అభ్యంతరం లేదు. కాని అది తాత్కాలికమని, ఏడాది ఆఖరున లెక్క చూసి హెచ్చుతగ్గులు సరిచేసుకోవాలని ఇద్దరికీ తెలిసి ఉండాలి. లెక్క ముగించకుండా లాభం పంచుకుంటూ పోతే, తర్వాత నష్టం వచ్చినప్పుడు పంచుకున్న లాభాన్ని కూడా వెనక్కి తెచ్చి అసలును పూడ్చవలసి ఉంటుందని హనఫీ ధర్మశాస్త్రం చెబుతుంది. అసలును తేల్చి, పాత ఒప్పందం ముగించి, కొత్తది మొదలుపెట్టుకుంటే పాత లాభం జోలికి పోనక్కరలేదు. అందుకే ఏడాదికొకసారి లెక్క మూసే తేదీ ఒకటి పెట్టుకోవటం మంచిది.

ఆ తేదీని ఎంచుకోవటంలో కూడా జాగ్రత్త కావాలి. సంక్రాంతికి వలస వెళ్ళినవాళ్ళంతా ఊరికి వస్తారు, రథసప్తమికి అరసవల్లి జనం ఉంటారు. ఆ నెలలు చూసి లాభం నిర్ణయించుకోకూడదు. కార్తీకమాసంలో మన హిందూ సోదరులు చాలామంది మాంసం ముట్టరు. రంజాన్‌లో పగలంతా కొట్టు మూసే ఉంటుంది. ఏడాది చక్రం ఒకసారి పూర్తిగా తిరిగితేనే కొట్టు అసలు రూపం తెలుస్తుంది. ఇవి కాక ఎవరి చేతిలోనూ లేనివి కొన్ని ఉంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాను తాకినప్పుడు ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. 2020 మార్చి ఆఖరున ప్రయాణికుల రైళ్ళన్నీ ఆగిపోయినప్పుడు స్టేషను ముందు కొట్లకు గిరాకీ అనేదే లేకుండా పోయింది. లాభం కనిపించిన నెలలో మొత్తం పంచేయకుండా కొంత వెనకేయమని పెద్దలు చెప్పేది ఇలాంటి రోజుల కోసమే.

అరువు పుస్తకం

తిండి కొట్టులో అరువు తక్కువ. బట్టల కొట్టులో, కిరాణాలో అదే ఎక్కువ. ఒక బట్టల కొట్టు 80,000 పెట్టి కొన్న సరుకును 1,00,000కు అరువు మీద అమ్మిందనుకుందాం. పుస్తకంలో 20,000 లాభం. ఐదుగురిలో ఒకరు ఎగ్గొడితే 20,000 పోయింది. అద్దె సంగతి పక్కన పెట్టినా లాభం సున్నా. నలుగురు ఠంచనుగా కట్టిన డబ్బు సరుకు ఖర్చుకే సరిపోయింది. కనుక అరువు అమ్మకంలో లాభం మొదలయ్యేది సరుకు ఇచ్చిన రోజున కాదు, చివరి ఐదోవంతు వసూలైన రోజున. ఆమదాలవలస వంటి ఊళ్ళో గ్రామాల నుంచి వచ్చే ఖాతాదారు పంట చేతికొచ్చాక కడతానంటాడు. సహకార చక్కెర కర్మాగారం నడిచిన రోజుల్లో చెరకు డబ్బులొస్తే కడతామనేవారు. అది మూతపడి చాలా ఏళ్ళయింది.

అప్పు లావాదేవీలను గడువుతో సహా రాసి పెట్టుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశించే బఖరా సూరా 282వ ఆయతు ఖుర్‌ఆన్ అంతటిలోకీ పొడవైన ఆయతు. నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు, అప్పు రాతల గురించి! చేతికి చేయి ఇచ్చి పుచ్చుకునే బేరాలు రాయకపోయినా తప్పు లేదని అందులోనే సడలింపు కూడా ఉంది. అంటే ప్లేటు బిర్యానీ అమ్మిన ప్రతిసారీ రాయనక్కరలేదు, నెల ఖాతా పెట్టుకున్నవాడి పేర మాత్రం రాయాలి. దానికి కొంచెం ముందే 280వ ఆయతులో, బాకీదారు ఇబ్బందుల్లో ఉంటే వెసులుబాటు ఇవ్వమని, వదిలేస్తే మరీ మేలని ఉంది. ఈ రెండు ఆయతులూ ఒకదానికొకటి అడ్డు కావు. రాసి ఉంటేనే ఎంత వదిలేస్తున్నామో తెలుస్తుంది. ఫోనులో డబ్బు పడుతున్న ఈ రోజుల్లో సగం లెక్క దానంతటదే రాయబడుతోంది. మిగిలిన సగానికి ఇరవై రూపాయల నోటుపుస్తకం చాలు.

లాభం లేని ఏడు జకాత్ ఉంటుందా?

‘ఈ ఏడు లాభం రాలేదు కాబట్టి జకాత్ లేదు’ అన్న మాట చిన్న వ్యాపారుల నోట తరచుగా వినిపిస్తుంది. ఇది సరికాదు. వ్యాపార జకాత్ లాభం మీద కాదు, అమ్మకానికి ఉంచిన సరుకు, నగదు, రావలసిన బాకీల మీద. చాంద్రమాన సంవత్సరం పూర్తయిన రోజున వాటిని కలిపి, అందులోంచి తాను చెల్లించవలసిన అప్పులు తీసివేసి, మిగిలింది నిసాబ్‌కు చేరితే రెండున్నర శాతం ఇవ్వాలి. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే లెక్క ప్రకారం నిసాబ్ యాభై రెండున్నర తులాల వెండి, సుమారు 612 గ్రాములు. దాని విలువ ఆనాటి వెండి ధరను బట్టి చూసుకోవాలి. సరుకుకు కొన్న ధర కాక ఆనాటి బజారు ధర కట్టాలి.

పై బట్టల కొట్టులో సరుకు 6,00,000, నగదు 40,000, తప్పక వస్తాయనుకున్న బాకీలు 60,000 ఉన్నాయనుకుందాం. టోకు వర్తకుడికి ఇవ్వవలసింది 2,00,000. మిగిలిన 5,00,000 మీద జకాత్ 12,500. ఆ ఏడాది లాభం సున్నా అయినా అంతే. రెండు లక్షలు లాభం వచ్చి ఇంటి ఖర్చులకు అయిపోయినా అంతే. అల్మరాలు, ఫ్యాన్లు, బల్లలు, కుట్టుమిషను లెక్కలోకి రావు. బిర్యానీ కొట్టులో పొయ్యిలు, ఫ్రిజ్, డేక్షాల మీద జకాత్ లేదు. బియ్యం, నూనె నిల్వ, గల్లాలో ఉన్న నగదు మీద ఉంది. ఆ నగదు, సరుకు బావమరిది అసలు కాబట్టి దాని జకాత్ అతనే ఇవ్వాలి. కొట్టు నడిపేవాడు తన వాటా లాభం చేతికొచ్చాక దాన్ని తన మిగతా సొమ్ముతో కలుపుకోవాలి. కొట్టుకు ఇచ్చిన అడ్వాన్సు విషయంలో ధర్మవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి కనుక దగ్గరలోని ఆలింను అడిగి తెలుసుకోవాలి.

ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారం లెక్క మూసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. చాంద్రమాన సంవత్సరం పదకొండు రోజులు చిన్నది. అందుకే అలా మూసేవారు రెండున్నరకు బదులు 2.577 శాతం ఇవ్వాలని ఈనాటి ధర్మవేత్తలు కొందరు లెక్క కట్టారు. సరుకులో డబ్బంతా ఇరుక్కుని 12,500 ఒకేసారి తీయలేని కొట్టు యజమాని నెలకు వెయ్యి రూపాయల చొప్పున ముందుగానే జకాత్ సంకల్పంతో అర్హులకు ఇస్తూ, ఏడాది ఆఖరున సరుకు లెక్కించినప్పుడు తక్కువైన 500 చెల్లించవచ్చు. ఎక్కువ ఇచ్చి ఉంటే దాన్ని వచ్చే ఏటి లెక్కలో వేసుకోవచ్చు.